పిలిచే అక్షరం, చెప్పే అక్షరం

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన సభల్లో మాట్లాడుకునే విషయాలు మీకు తెలిసినవే. కరువు భత్యం, వైద్య ఖర్చుల రీయింబర్స్‌మెంటు, రావలసిన బకాయిలు. వాటి గురించి నాకంటె బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. కార్యదర్శిగారు మాత్రం నాతో, "ఈసారి సభకు అందరూ కుటుంబాలతో వస్తున్నారు, కాస్త తేలికైన విషయం ఏదైనా చెప్పండి" అన్నారు. అందుకని అక్షరాల గురించి మాట్లాడదామనుకున్నాను. అక్షరాలంటే సాహిత్యం అనుకుని భయపడకండి. నేను చెప్పబోయేది అక్షరాల ఆకారం గురించి. అందులోనూ లావుగా, బొద్దుగా, చేత్తో గీసినట్టుగా, కాస్త కొంటెగా నవ్వుతున్నట్టుగా ఉండే అక్షరాల గురించి. పెళ్ళి శుభలేఖల మీద, సినిమా పేర్లలో, మిఠాయి దుకాణం బోర్డు మీద, పిల్లల పుస్తకాల అట్టల మీద మనం రోజూ చూసేవే. ఇప్పుడవి కంప్యూటరులోనూ సెల్‌ఫోనులోనూ ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిని ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు అన్నదే నా మనవి. వినడానికి తేలికైన విషయమే గాని, చివరికది మన మందుల దాకా, మన పింఛను తారీఖుల దాకా వస్తుంది. అందుకే మీ సమయం తీసుకుంటున్నాను.

కోర్టుల్లో, కలెక్టరాఫీసుల్లో పని చేసినవారికి డవాలా బంట్రోతు జ్ఞాపకం ఉండే ఉంటాడు. భుజం మీంచి ఎర్రటి పట్టీ, దాని మీద ఇత్తడి బిళ్ళ, గంభీరమైన గొంతు. ఆయన వరండాలో నిలబడి ఫలానావారు హాజరు అని మూడుసార్లు పిలిస్తే వీధి చివర టీ తాగుతున్నవాడు కూడా పరుగెత్తుకుని వచ్చేవాడు. లోపల గుమస్తా ఉంటాడు. ఆయన గొంతు ఎవరికీ వినిపించదు. వాయిదా తారీఖు, కేసు నంబరు, కట్టవలసిన రుసుము పొల్లుపోకుండా రాసి చేతికిస్తాడు. బంట్రోతు లేకపోతే మనిషి రాడు. గుమస్తా లేకపోతే వచ్చిన మనిషికి పని జరగదు.

అచ్చక్షరాలకు కూడా సరిగ్గా ఈ రెండు ఉద్యోగాలే ఉన్నాయి. కొన్ని పిలిచే అక్షరాలు, కొన్ని చెప్పే అక్షరాలు. శీర్షికలకు, పోస్టర్లకు, బోర్డులకు వాడే లావుపాటి అలంకారపు అక్షరాలు పిలిచే జాతికి చెందినవి. పుస్తకాల్లో, జీవోల్లో, దినపత్రికల వార్తల్లో ఉండే సాదా అక్షరాలు చెప్పే జాతికి చెందినవి. దేని గౌరవం దానికుంది. ఒకరి కుర్చీలో ఇంకొకరిని కూర్చోబెట్టినప్పుడే చిక్కంతా వస్తుంది.

ఈ పిలిచే అక్షరం మనకు ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెబుతాను. తాటాకు మీద గంటంతో రాసిన రోజుల్లో అక్షరానికి లావు, సన్నం అనే తేడా లేదు. గంటపు మొన ఎంత ఉంటే గీత అంత. ఆకు నార వెంట అడ్డంగా గీస్తే చీలిపోతుందని, అందుకే మన లిపి గుండ్రంగా తిరిగిందని పెద్దలు చెబుతారు. 18వ శతాబ్దంలో జర్మనీలోని హాలే పట్టణంలో బెంజమిన్ షుల్జ్ అనే మతబోధకుడు తెలుగులో క్రైస్తవ పుస్తకాలు అచ్చు వేయించాడు. తరవాత మద్రాసు తెలుగు అచ్చుకు కేంద్రమైంది. బ్రౌను దొరగారి నిఘంటువు 1852లో వచ్చింది. వావిళ్ళవారి ముద్రాక్షరశాల 1854లో వెలసింది. ఆ సీసపు అక్షరాలన్నీ ప్రధానంగా చెప్పే అక్షరాలే. బుద్ధిగా వరస కట్టి కూర్చునేవి.

పిలవడానికి మాత్రం చిత్రకారుడి కుంచె కావలసి వచ్చింది. మన యౌవనంలో వారపత్రికలు చదివినవారికి గుర్తుండే ఉంటుంది. కథ మొత్తం సీసపు అక్షరాల్లో ఉండేది, కథ పేరు మాత్రం ఆర్టిస్టు చేత్తో రాసేవారు. ఆ రాతను జింకు బ్లాకుగా చేయించి పేజీలో బిగించేవారు. దయ్యం కథ అయితే అక్షరాలు వణికేవి. హాస్యకథ అయితే ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యి వేసుకుని నడిచేవి. కథ చదవకముందే కథ రుచి నాలుక మీద పడేది. అక్షరం చేసే పిలుపు అంటే అదే.

వీధిలో ఈ పని బోర్డు పెయింటర్లది. వారి పనితనం నేను దగ్గరగా చూశాను. 1985లో ఆంధ్రప్రదేశ్‌లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు ఆఫీసు బోర్డులన్నీ మార్చవలసి వచ్చింది. మా ఆఫీసులో బోర్డుల మీద ఏమి రాయాలో కాగితం మీద రాసిచ్చే పని నాకు అప్పగించారు. వచ్చిన పెయింటరు ముందుగా సుద్దపొడి పూసిన దారాన్ని బోర్డుకు అడ్డంగా లాగిపట్టి టప్పున వదిలేవాడు. పైన ఒక గీత, కింద ఒక గీత పడేవి. ఆ రెండు గీతల మధ్య సుద్దముక్కతో అక్షరాల ఎముకలు గీసుకునేవాడు. తరవాత చదునైన కుంచెను ఎనామిల్ రంగులో ముంచి, ఒక వాలున పట్టి లాగేవాడు. కిందికి వచ్చేటప్పుడు గీత లావెక్కేది, పక్కకు తిరిగేటప్పుడు సన్నబడేది. చివరగా అక్షరానికి ఒక పక్క మాత్రమే నీడ వేసేవాడు. దాంతో బోర్డు మీది అక్షరం లేచి నిలబడేది. ఆఫీసు బోర్డుకు తిన్నని అక్షరం రాసిన అదే చెయ్యి, సాయంత్రం సోడా బండి మీద గంతులు వేసే అక్షరం రాసేది. ఏ అక్షరం ఎక్కడ కూర్చోవాలో ఆయనకు ఒకరు చెప్పవలసిన అవసరం లేకపోయింది. ఫ్లెక్సీలు వచ్చాక ఆ వృత్తి చాలావరకు చితికిపోయింది. ఆ విచక్షణ కూడా వారితోపాటే వీధిలోంచి వెళ్ళిపోయింది. నా అసలు బాధ అదే.

సినిమా పోస్టర్లకు అక్షరాలు రాసినవారిలో ఈశ్వర్ గారిని తలుచుకోవాలి. 1967లో వచ్చిన సాక్షి చిత్రంతో ఆ రంగంలో అడుగుపెట్టి, కొన్ని దశాబ్దాలపాటు తెలుగు సినిమా పేర్లకు రూపం ఇచ్చారు. 2021లో కాలం చేశారు. ఆ సాక్షి చిత్రానికి దర్శకులు బాపుగారు. బాపు అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. 1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టి, 2014 ఆగస్టు 31న కన్నుమూశారు. ఆయన బొమ్మలకు ఎంత పేరుందో ఆయన రాతకు అంత పేరుంది. తలకట్టు ఎగరబోయే పిట్టలా ఉంటుంది. వత్తులు అల్లరి పిల్లల్లా పక్కకు జారి కూర్చుంటాయి. సంతకం లేకపోయినా ఇది బాపు అని తెలుగువాడు గుర్తు పట్టగలడు. ఒక చేతిరాతను ఇంతమంది గుర్తు పట్టడం తెలుగులో ఇంకెవరికి దక్కిందో నాకు తోచదు.

కంప్యూటర్లు వచ్చి డీటీపీ కేంద్రాలు వెలిశాక బాపుగారి రాతను అనుసరించి ఫాంట్లు వచ్చాయి. ఫాంటు అంటే ఏమిటో పెద్దలకు ఒక్క మాటలో మనవి చేస్తాను. ఒకే చేతివాటంలో ఉన్న అక్షరాల పూర్తి జట్టు. మీట నొక్కితే ఆ జట్టులోంచి ఒక అక్షరం వచ్చి వరసలో నిలబడుతుంది. వేల కుటుంబాల శుభలేఖల మీద వధూవరుల పేర్లు బాపు రాతలో పడ్డాయంటే అది ఈ ఫాంట్ల చలవే.

పాత డీటీపీ ఫాంట్లలో ఒక ఇబ్బంది ఉండేది. ఒక ఫాంటులో కొట్టిన మేటర్ ఆ ఫాంటు లేని యంత్రంలో తెరిస్తే అర్థం లేని గుర్తులుగా కనిపించేది. తరవాత యూనికోడ్ అనే అంతర్జాతీయ పద్ధతి వచ్చింది. ప్రతి తెలుగు అక్షరానికి ప్రపంచమంతటా ఒకే సంఖ్య. మన పింఛను ఖాతాకు పీపీఓ నంబరు ఉన్నట్టే. దాంతో అమెరికాలో మనవడు కొట్టిన తెలుగు ఇక్కడ తాతగారి ఫోనులో తెలుగుగానే కనబడుతోంది. కాని మొదట్లో యూనికోడ్‌లో ఉన్న ఫాంట్లు చేతివేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. అవీ చాలావరకు సాదా అక్షరాలు.

ఆ కొరత తీర్చడంలో అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర మంచి పని చేసింది. 2010ల్లో వరసగా తెలుగు యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా విడుదల చేసింది. వాటిలో చాలావాటి వెనక పురుషోత్ కుమార్ గుత్తుల, అప్పాజీ అంబరీష దర్భ అనే ఇద్దరి కృషి ఉంది. ఆ ఫాంట్ల పేర్లు వింటే చాలు, సంతోషం కలుగుతుంది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ, శ్రీకృష్ణదేవరాయ. భువనవిజయమంతా కంప్యూటరులోకి దిగివచ్చింది. గురజాడ, గిడుగు, సురవరం, మండలి కూడా ఉన్నారు. వీటిలో రవిప్రకాష్ అనే ఫాంటు, లక్కిరెడ్డి అనే ఫాంటు నేను చెబుతున్న పిలిచే జాతివి. శీర్షికలకు, పోస్టర్లకు, అలంకారపు ఆహ్వానాలకు తగినవని వాటిని తయారుచేసినవారే చెప్పారు. గూగుల్ వారి ఫాంట్ల కోశంలో ఇవి దొరుకుతాయి. ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఇచ్చారు కనుక పుస్తకానికి, కరపత్రానికి, దుకాణం బోర్డుకు ఎవరైనా డబ్బు కట్టకుండా వాడుకోవచ్చు. ఫాంటును మాత్రం విడిగా అమ్ముకోకూడదు.

ఉచితంగా వచ్చిందంటే ఊరంతా వాడతారు. వాడనివ్వండి, మంచిదే. కాని ఇలాంటి అక్షరం తెలుగులో తయారుచేయడం ఎంత కష్టమో తెలిస్తే, దాన్ని ఎక్కడ వాడకూడదో దానంతటదే అర్థమవుతుంది.

ఇంగ్లీషు అక్షరాలు ఇరవై ఆరు. పెద్దవి, చిన్నవి కలిపినా యాభై రెండు. అన్నీ ఒకే వరసలో రైలు పెట్టెల్లా నిలబడతాయి. మనకు హల్లులే ముప్పై అయిదు. ఒక్కొక్కదానికి పన్నెండు గుణింతాలు వేసుకున్నా నాలుగు వందల ఇరవై రూపాలు. వత్తులు వాటికి అదనం. పైగా మన అక్షరం మేడ కట్టుకుంటుంది. నడిమి అంతస్తులో హల్లు, పై అంతస్తులో తలకట్టో గుడో, కింది అంతస్తులో వత్తు. లక్ష్మి అని రాసి చూడండి. రెండో అక్షరం ఎన్ని అంతస్తులు దిగుతుందో తెలుస్తుంది. స్త్రీ అని రాసినా అంతే.

అక్షరాన్ని లావు చేస్తే గీతలు బలుస్తాయి, గీతల మధ్య ఉండే ఖాళీ చిక్కిపోతుంది. తెలుగులో ఆ ఖాళీలోనే ప్రాణం ఉంది. థ కడుపులో చుక్క ఉంటుంది, ధ కడుపులో ఉండదు. ఠకు చుక్క, రకు లేదు. డకు, ఢకు మధ్య తేడా కింద ఉన్న ఒక చిన్న గీత. పకు, వకు తేడా పైన మూసి ఉందా తెరిచి ఉందా అన్నది మాత్రమే. గీతలు బలిసి ఆ చుక్కను మింగేస్తే ఏమవుతుంది? సర్వీసులో అర్ధవేతన సెలవు అని మనమందరం రాసినవాళ్ళమే. అక్కడ ధకు బదులు థ పడితే సగం జీతం పోయి జీతానికి అర్థం మిగులుతుంది! పెద్ద శీర్షికలో మూడంగుళాల ఎత్తున ఉన్నప్పుడు లావక్షరం కడుపులో చుక్క స్పష్టంగానే కనిపిస్తుంది. అదే అక్షరాన్ని కరపత్రం అడుగున చీమంత చేస్తే కడుపంతా సిరాతో నిండిపోతుంది. కాబట్టి తప్పు అక్షరానిది కాదు. పెద్దదిగా ఉండటానికి పుట్టినదాన్ని చిన్నది చేయడమే తప్పు.

ఇంకో సూక్ష్మం ఉంది. పెయింటరు చేత్తో అమ్మమ్మ అని రాస్తే ఒక మ్మకు, ఇంకో మ్మకు పోలిక ఉంటుంది గాని రెండూ ఒకటి కావు. అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. ఫాంటులో మామూలుగా రెండూ అచ్చు గుద్దినట్టు ఒకటే. రెండు మూడు మాటల శీర్షికలో ఆ సంగతి కంటికి తట్టదు, చేతిరాతే అనిపిస్తుంది. అదే ఫాంటులో పేజీ నిండా కొడితే ఒకే కొంటెతనం వందసార్లు కనబడుతుంది. ఒక జోకును వందసార్లు వింటే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది.

ఇది తెలుగువారి చిక్కు మాత్రమే కాదు. అమెరికాలో ఆస్వాల్డ్ కూపర్ అనే ఆయన 1922లో కూపర్ బ్లాక్ అనే బొద్దు అక్షరం తయారుచేశాడు. మూలలన్నీ గుండ్రంగా, బూరెలా ఉంటుంది. ప్రకటనలకు ఎంతో వాడారు, ఇప్పటికీ వాడుతున్నారు. పుస్తకం మొత్తం దానితో అచ్చు వేయాలని ఎవరికీ తోచలేదు. 1994లో మైక్రోసాఫ్ట్‌లో విన్సెంట్ కొనేర్ అనే ఆయన కామిక్ శాన్స్ అనే అక్షరం గీశాడు. పిల్లల కోసం చేసిన ఒక ప్రోగ్రాములో కార్టూను కుక్కపిల్ల పుస్తకాల అక్షరాల్లో గంభీరంగా మాట్లాడుతోందట. కుక్కపిల్లకు ఆ భాష నప్పలేదని బొమ్మల కథల్లో ఉండే అక్షరాల వంటివి తయారుచేశాడు. ఆ ఆలోచన ఎంతో సరైనది. తరవాత అది ప్రతి కంప్యూటరులోకి చేరి, జనం నోటీసులకూ, ఉత్తరాలకూ, హెచ్చరికలకూ వాడటం మొదలుపెట్టారు. 2012 జులై 4న సెర్న్ పరిశోధనాలయంలో హిగ్స్ బోసాన్‌ను పోలిన కణం దొరికిందని ప్రకటించిన సభలో తెర మీద చూపిన పుటలు కొన్ని కామిక్ శాన్స్‌లో ఉన్నాయి. అంత గొప్ప శాస్త్ర విషయాన్ని వదిలేసి, ఈ అక్షరాలేమిటని నవ్వుకున్నవారు ప్రపంచమంతటా కనిపించారు. అక్షరం విషయాన్ని మించి మాట్లాడితే జరిగేది ఇదే.

ఇక మన సంగతికి వస్తాను. మా బంధువుల ఊళ్ళో ఒకసారి పెద్దవాళ్ళకు ఉచిత రక్తపరీక్షల శిబిరం పెట్టారు. పెట్టినవారిది మంచి మనసే. కరపత్రం చూడముచ్చటగా వేశారు. మొదటి అక్షరం నుంచి చివరి ఫోను నంబరు దాకా అన్నీ బొద్దక్షరాలే. పసుపు కాగితం మీద ఎర్ర సిరా. పరగడుపున రావలెను అన్న వాక్యం కింద మూలగా అదే లావక్షరంలో, అతి చిన్నదిగా ఉంది. గీతలన్నీ కలిసిపోయి అదొక పూలదండలా కనిపించిందే గాని వాక్యంలా కనబడలేదు. పొరుగూరి నుంచి చక్కెర జబ్బున్న ఒక పెద్దాయన, డెబ్భై అయిదు దాటినవారు, ఉదయాన్నే ఇడ్లీ తిని మాత్ర వేసుకుని బస్సెక్కి వచ్చారు. తిని వచ్చారు కనుక షుగరు పరీక్ష కుదరదన్నారు. శిబిరం ఆ ఒక్క రోజే. ఆయన కరపత్రం జేబులోంచి తీసి, "ఇందులో ఎక్కడుంది నాయనా?" అని అడిగారు. అక్కడున్న కుర్రాడు వేలు పెట్టి చూపించాడు. ఆయన కళ్ళజోడు సర్దుకుని, కాగితాన్ని దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి, చివరికి మడిచి మళ్ళీ జేబులో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఆ పూట అలా తిరిగి వెళ్ళినవారు ఆయన ఒక్కరే కాదు.

మిత్రులారా, మన వయసులో కళ్ళకు శుక్లాలు ముసురుతాయి. నలుపు తెలుపుల తేడా మసకబారుతుంది. అటువంటి కంటికి కావలసింది పెద్ద అక్షరం, లావు అక్షరం కాదు. లావు వేరు, పెద్ద వేరు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే నా ప్రసంగం సార్థకం. అక్షరం కొలత పాయింట్లలో చెబుతారు. పాయింటు అంటే అంగుళంలో 72వ వంతు. చూపు తగ్గినవారి కోసం వేసే పెద్దక్షరాల పుస్తకాలకు సాధారణంగా 16 నుంచి 18 పాయింట్లు వాడతారు. తెలుగులో వత్తులకు, గుడులకు పైనా కిందా చోటు వదలాలి గనుక, అదే పాయింటులో ఇంగ్లీషుకంటె మన అక్షరం చిన్నగా కనిపిస్తుంది. కనుక మనం ఇంకొంచెం ఉదారంగా ఉండాలి.

సర్వీసులో ఉండగా సర్క్యులర్లు రాసిన అలవాటు పోలేదు. మన సంఘం నోటీసులకు, మీ ఇళ్ళ శుభకార్యాలకు పనికివస్తాయని కొన్ని సూచనలు వరసగా చెబుతాను.

మొదటిది. బొద్దక్షరం అయిదారు మాటలు దాటకూడదు. శీర్షిక, మనిషి పేరు, పండుగ పేరు, అంతే. తారీఖు, వేళ, స్థలం, ఫోను నంబరు, తెచ్చుకోవలసిన కాగితాలు ఎప్పుడూ సాదా అక్షరంలోనే ఉండాలి. లైఫ్ సర్టిఫికెట్ నోటీసులో గడువు తేదీ చదవలేకపోతే ఆగేది ఒక మనిషి పింఛను.

రెండోది. ఒక కాగితం మీద రెండు రకాల అక్షరాలు చాలు. పిలవడానికి ఒకటి, చెప్పడానికి ఒకటి. ఇద్దరు బంట్రోతులు ఒకేసారి కేకలేస్తే ఎవరి పేరు పిలిచారో తెలియదు.

మూడోది. వరసల మధ్య చోటు వదలండి. పై వరస వత్తులు కింది వరస గుడులకు తగిలితే రెండూ పాడవుతాయి. లావక్షరంలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ.

నాలుగోది. ముదురు రంగు సిరా, లేత కాగితం. పసుపు మీద ఎరుపు కుంకుమభరిణెకు అందం గాని కరపత్రానికి కాదు.

అయిదోది. అచ్చుకు ఇచ్చే ముందు ఒక ప్రతిని జెరాక్సు తీయించండి. ఆ జెరాక్సును ఫోనులో ఫోటో తీసి ఇంకో ఫోనుకు పంపండి. అక్కడ కూడా చదవగలిగితే మంచిది. ఎందుకంటే ఈ రోజుల్లో మన నోటీసు ప్రయాణం చేసేది అట్లాగే. ఆ తరవాత మన సభ్యుల్లో అందరికంటె పెద్దవారికిచ్చి చదవమనండి. ఆయన ఆగిన చోట అక్షరం మార్చండి.

ఆరోది. సందర్భం చూసుకోండి. బారసాల, పెళ్ళి, గృహప్రవేశం, సంక్రాంతి ముగ్గుల పోటీ, మనవరాలి బడి వార్షికోత్సవం, ఇంట్లో పెట్టిన ఆవకాయ సీసా మీద చీటీ, వీధి చివర టిఫిన్ సెంటరు బోర్డు, వీటన్నిటికీ బొద్దక్షరం ముద్దుగా ఉంటుంది. పెద్దకర్మ కార్డుకు, సంతాప తీర్మానానికి, మందు సీసాకు, కోర్టు కాగితానికి, దారి చూపే బోర్డుకు వద్దు. ఏడ్చే ఇంట్లో సన్నాయి వాయించకూడదు కదా.

ఇంత చెప్పాను గనుక నేను ఆ అక్షరాలకు విరోధినని అనుకోకండి. నాకవంటే ఎంతో ఇష్టం. ఎందుకంటే చదవడం మరిచిపోతున్న పిల్లలను మళ్ళీ తెలుగు దగ్గరికి పిలిచే గొంతు వాటికే ఉంది. మన మనవలు, మనవరాళ్ళు చాలామంది తెలుగు మాట్లాడతారు, చదవలేరు. వాళ్ళకు వ్యాకరణ పుస్తకం ఇస్తే పారిపోతారు. తమ పేరు పెద్ద బొద్దక్షరాల్లో, కడుపు నిండా రంగులు వేసుకోవడానికి వీలుగా ఇచ్చి చూడండి. మా ఇంట్లో వేసవి సెలవులకు వచ్చిన పిల్లలకు ఆ పనే చేశాను. చెరొక అట్టముక్క, చదునైన కుంచె, పేరులోని మొదటి అక్షరం. మా చిన్న మనవరాలు గుడి అంటే దేవుడి గుడి అనుకుని, తన పేరులోని గుడి మీద ధ్వజస్తంభం కూడా వేసింది. వేయనిచ్చాను. ఆ అక్షరం ఇక ఆమె మరిచిపోదు.

మీలో చాలామంది చేతిరాత ముత్యాల్లా ఉండేదని నాకు తెలుసు. స్టెన్సిల్ కాగితం మీద ఇనప కలంతో సర్క్యులర్ రాసి, సైక్లోస్టైల్ చేసి జిల్లా అంతా పంపినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. కీబోర్డులు వచ్చాక ఆ చేతులకు పని లేకుండాపోయిందని దిగులు పడనక్కరలేదు. ఇవాళ్టి ఫాంట్లలో చాలావాటికి మూలం ఎవరో ఒకరి చేతిరాతే. కనుక నాదొక ప్రతిపాదన. మన సంచిక ముఖచిత్రం మీది పేరును ఇక నుంచి ప్రతి సంవత్సరం ఒక సభ్యుడో సభ్యురాలో తమ చేత్తో, లావుగా, నచ్చినట్టు రాయాలి. లోపలి పేజీలు మాత్రం సాదా అక్షరంలో, 16 పాయింట్లకు తగ్గకుండా వేయాలి. పేజీలు పెరుగుతాయి, ఖర్చు కొంత పెరుగుతుంది. చదవలేని సంచికకు పెట్టే ఖర్చుకంటె అది తక్కువే. కార్యవర్గంవారు దీన్ని పరిశీలించి తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాను.

 భోజనాల పిలుపు బోర్డు అక్కడ బొద్దక్షరాల్లోనే పెట్టారు. అది సరైన చోటు. సెలవు.